ఒక్కరోజు తేడా

ఆ కళ్లద్దాల కంపెనీలో ముందు కౌంటరు, వెనక అద్దాలు అరగదీసే సానగది, రెంటికీ నడుమ ఒక ఇరుకు గది ఉండేవి. ఆ ఇరుకు గదిలో బల్ల మీద రెండు కంప్యూటర్లు, మాటలు మానేసిన తోడికోడళ్లలా పక్కపక్కనే కూర్చుని ఉండేవి. కౌంటరులో రాసుకున్న ఆర్డరు ఎడమచేతి వైపు తెర మీదికి వచ్చేది. దాన్ని చూసి కుడిచేతి వైపు దాంట్లో మళ్లీ కొడితే తప్ప సానగదికి కబురు అందేది కాదు. రెండూ వేరువేరు కంపెనీలు చేసిన సాఫ్ట్‌వేర్లు. ఒకదాని సంగతి ఇంకోదానికి పట్టదు. పదకొండేళ్లుగా వాటి నడుమ కూర్చుని, ఇటు చదివి అటు కొట్టే మనిషిని కంపెనీలో అందరూ అక్కయ్య అనేవారు.

అక్కయ్య చదువు పదో తరగతితో ఆగిపోయింది. అయినా ఆవిడ కొట్టిన పవరులో ఇన్నేళ్లలో ఒక్క తప్పు దొరకలేదు. తెలివి వల్ల కాదు, భయం వల్ల. మైనస్ గుర్తు పోయి ప్లస్ పడిందనుకో, ఆ మనిషికి మెట్టు ఉన్నచోట నేల కనిపిస్తుంది, దబ్బున పడతాడు, తుంటి విరుగుతుంది, మంచాన పడతాడు, ఆయన మీద ఆధారపడ్డ నలుగురూ వీధిన పడతారు. ఒక చిన్న గీత నుంచి ఆవిడ అంతదూరం వెళ్లి వచ్చేది. అందుకే ప్రతి అంకెనూ పెదవులు కదిలిస్తూ రెండుసార్లు చదువుకుని కొట్టేది. ఇంట్లోనూ అదే తంతు. గ్యాసు కట్టేసి, కట్టేశానా అని చూసి, చూశానా లేదా అని మళ్లీ చూసేది. కూతురు తుమ్మితే ఆవిడ మనసు అప్పటికే ఆస్పత్రి మెట్లెక్కుతూ ఉండేది.

ఆ భయమే ఆవిడ చేత ఒక పని చేయించింది. అది ఎవరికీ తెలియదు.

చేరిన మొదటి ఏడు, పరీక్ష రాయాల్సిన ఒక అమ్మాయి అద్దాలు ఒక్కరోజు ఆలస్యంగా తయారయ్యాయి. ఎవరూ అక్కయ్యను ఏమీ అనలేదు. ఆ అమ్మాయి ఎవరో కూడా ఆవిడ చూడలేదు. కానీ కళ్లు చికిలించుకుని ప్రశ్నపత్రాన్ని ముక్కుకి ఆనించుకుంటున్న ఒక పిల్ల ఆవిడ కళ్లలో కూర్చుండిపోయింది. మర్నాటి నుంచి, కౌంటరు వాళ్లు అద్దాలు ఇవ్వాల్సిన రోజు శుక్రవారం అని రాస్తే సానగదికి గురువారం అని కొట్టసాగింది. ఒక్కరోజు. ఎవరికీ నష్టం లేదు కదా అనుకుంది. కొన్నాళ్లకి పిల్లల అద్దాలైతే రెండు రోజులు తీయడం మొదలుపెట్టింది. నడుమ గదికి కౌంటరు వైపు గాజు పలక ఉండేది. అందులోంచి గోడ తడుముకుంటూ నడిచే మనిషి కనిపిస్తే మూడు తీసేది. కౌంటరు పిల్లని కసిరిన వాళ్లకి మాత్రం ఒక్కరోజు కూడా తీసేది కాదు. వాళ్ల తేదీ వాళ్లకే ఉంచేది.

ఇంతలో యజమానురాలికి ఆ రెండు సాఫ్ట్‌వేర్లనూ కలపాలని బుద్ధి పుట్టింది. అక్కయ్య కూతురు కంప్యూటర్లు చదివి రెండేళ్లుగా ఇంటర్వ్యూలకు తిరుగుతోందని ఎవరో చెవిన వేశారు. మేడం ఆ అమ్మాయిని పిలిపించారు.

"ఆరు నెలల పాత ఆర్డర్లు నీ దారిలో పంపించి చూపించమ్మా. సానగదిలో నిజంగా ఉన్నవాటితో అచ్చు సరిపోవాలి. శుక్రవారం సాయంత్రం ఐదింటికి చూస్తాను. సరిపోతే మన నాలుగు షాపుల పనీ నీకే. లేదంటే బయటి కంపెనీని పిలుస్తా, ఏమనుకోకు. మీ అమ్మని చెకింగ్‌లో వేస్తాను, ఆవిడ గురించి బెంగ వద్దు."

అక్కయ్య ఆ మాటలు గాజు పలక ఇవతల నుంచి విన్నది. సంతోషం ఒక్క నిమిషం నిలిచింది. తరవాత ఆరు నెలల పాత ఆర్డర్లు అన్న మాట గుండెలో రాయిలా పడింది.

*

మంగళవారం కూతురు ఒక చిన్న కంప్యూటరు చంకన పెట్టుకుని వచ్చి ఆ రెంటి నడుమ కూర్చుంది. అందరూ పిలిచినట్టే తల్లి కూడా ఆమెను చిట్టీ అని పిలిచేది. ఇరవై నాలుగేళ్లొచ్చినా చిట్టే.

"ఇదిగో చూడమ్మా. కౌంటరుది కుడి కన్ను ముందు రాస్తుంది. సానగదిది ఎడమ కన్ను ముందు అడుగుతుంది. అందుకే నువ్విన్నాళ్లూ చేతులు అడ్డంగా వేసుకుని కొడుతున్నావు. నేను దేనికి ఏది అని జతలు కట్టేస్తే చాలు, ఆర్డరు దానంతట అదే నడిచిపోతుంది."

"నడుస్తూ నడుస్తూ ఎక్కడైనా పడిపోతే?"

"పడితే నాకు తెలుస్తుంది."

"నువ్వు నిద్రలో ఉంటే?"

"అమ్మా, అది పవరు చీటీ. పసిపిల్ల కాదు."

బుధవారం పొద్దున్నకి పవర్లన్నీ జతపడ్డాయి. కుడి, ఎడమ, మైనస్, ప్లస్, ఫ్రేము నంబరు, అన్నీ. మూడువేల చిల్లర ఆర్డర్లలో ఒక్కటి కూడా తప్పు లేదు. చిట్టి కుర్చీలో వెనక్కి వాలి, "ఎంత బాగా కొట్టావమ్మా. మనిషి కొట్టినట్టే లేదు," అంది. అక్కయ్య ముఖం దించుకుంది. ఆ తరవాత చిట్టి తేదీల గడి తెరిచింది.

ఏవో కొన్ని తప్ప ఒక్కటీ సరిపోలేదు.

"ఇదేంటి," అంది మెల్లగా.

మొదట కంప్యూటర్ల గడియారాలను అనుమానించింది. రెంటి టైమూ పక్కపక్కన పెట్టి చూసింది. ఒక్క సెకను తేడా లేదు. సానగది సాఫ్ట్‌వేరు రోజులను సున్నా నుంచి లెక్కపెడుతోందేమో అని దాని లోపలికి దిగి చూసింది. కాదు. తీసుకెళ్లిన అన్నం డబ్బా సాయంత్రం మూత తీయకుండానే తిరిగి ఇంటికొచ్చింది. రోజంతా అక్కయ్య పక్కనే కూర్చుని చూసింది. చెప్పేద్దామని నాలుగైదుసార్లు అనుకుంది. చెబితే ఏమవుతుంది? తల్లే తప్పుడు తేదీలు కొట్టింది, కూతుర్ని ఏం నమ్ముతాం అంటారు. ఆ మాట ఊరంతా పాకుతుంది. ఇక చిట్టికి ఎవరూ పని ఇవ్వరు. దాని బతుకంతా ఈ ఇరుకు గదిలోనే చితికిపోతుంది. ఇలా ఒక అబద్ధం నుంచి ముప్పై ఏళ్లు ముందుకు వెళ్లి వచ్చింది అక్కయ్య.

గురువారం పొద్దున చిట్టి ఎర్రబడ్డ కళ్లతో వచ్చి, "ఏమైతే అదయింది, ప్రతి తేదీకి ఒకరోజు తగ్గించి చూస్తా," అంది. చాలామటుకు సరిపోయాయి. ఏడువందలు మిగిలాయి. వాటిని అటు తిప్పి ఇటు తిప్పి చూసి ఉన్నట్టుండి నవ్వింది. "అమ్మా, పన్నెండేళ్ల లోపు పిల్లలందరికీ రెండు రోజులు తగ్గింది. ఈ సాఫ్ట్‌వేరుకి పిల్లలంటే అంత ముద్దెందుకో."

అక్కయ్యకి నవ్వు రాలేదు. చిట్టి వేళ్లు చీకట్లో తల్లి ముఖాన్ని తడుముతున్నట్టు అనిపించింది. ఇంకాస్త తడిమితే పోల్చుకుంటుంది.

కానీ నూట నాలుగు ఆర్డర్ల దగ్గర చిట్టి ఆగిపోయింది. కొన్నింటికి మూడు రోజుల తేడా. కొన్నింటికి అసలు తేడానే లేదు. వయసు చూసింది, పవరు చూసింది, ఫ్రేము రంగు కూడా చూసింది. దేనికీ లొంగలేదు.

"ఇది సాఫ్ట్‌వేరు కాదమ్మా, దెయ్యం," అని తల బల్లకి ఆనించింది.

*

మధ్యాహ్నం సానగది కిటికీలోంచి ఎండ లోపలికి వచ్చి, ట్రేలలో ఆరబెట్టిన అద్దాల మీద పడేది. అక్కడి నుంచి తెరిచిన తలుపులోంచి నడుమ గది గోడ మీద గుండ్రటి వెలుతురు బిళ్లలై వాలేది. అవతల అద్దాలు సానపట్టే పెద్దాయన యంత్రం తిప్పితే బిళ్లలన్నీ సన్నగా వణికేవి. ఆ రోజు వాటిని చూస్తూ చూస్తూ అక్కయ్య కుర్చీలోనే కునుకులోకి జారింది.

కౌంటరు ముందు వరసగా వేసిన కుర్చీలు కనిపించాయి. వాటిలో కస్టమర్లు లేరు. రోజులు కూర్చుని ఉన్నాయి. ఆవిడ తీసేసిన రోజులు. మనుషుల్లా లేవు, అలా అని మనుషులు కాకుండానూ లేవు. ఉతికి మడత పెట్టి, ఎవరూ కట్టుకోని బట్టల్లా ఉన్నాయి. ఒక్కొక్కదాని ఒళ్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడాల్సిన ఎండ అంతా ఇంకా కరగకుండా అలాగే ఉంది. కుర్చీలు చాలక కొన్ని గోడవార నిలబడ్డాయి, కొన్ని మెట్ల మీద కూర్చున్నాయి, వీధి మలుపు దాకా వరస సాగింది. ఏ ఒక్కటీ కోపంగా లేదు. ఎవరో పేరు పెట్టి పిలుస్తారని ఎదురు చూస్తున్నాయి, అంతే. అక్కయ్య వాటి నడుమ నడుస్తూ, మీరందరూ ఎవరికోసం అని అడగబోయింది. చివర్న ఒక చిన్న కుర్చీలో చిట్టి కూర్చుని వాటిని వేలితో లెక్కపెడుతోంది. లెక్క తప్పుతోంది. మళ్లీ మొదటినుంచి లెక్కపెడుతోంది. మళ్లీ తప్పుతోంది. ఏడవట్లేదు. ఏడిస్తేనే బాగుండేదనిపించింది.

కళ్లు తెరిచేసరికి వెలుతురు బిళ్లలు గోడ దిగి నేల మీదికి వచ్చాయి. చిట్టి ఇంకా తెర ముందే ఉంది. పెదవులు కదులుతున్నాయి.

*

శుక్రవారం పదిన్నరకి చిట్టి మేడంకి ఒక ఉత్తరం కొట్టడం మొదలుపెట్టింది. అక్కయ్య భుజం మీంచి చూసింది. 'క్షమించాలి, నా వల్ల కాలేదు' అన్నంతవరకు కనిపించింది.

"చిట్టీ, కాస్త తిను. తిన్నాక ఒక మాట చెప్తా."

"ఆకలి లేదు. ముందు చెప్పు."

"తినకుండా వింటే నీరసం వస్తుంది."

"అమ్మా."

"ఆ రోజులు తీసింది నేనే."

"ఏ రోజులు?"

"నువ్వు వెతుకుతున్నావే, అవి."

చిట్టికి వెంటనే ఎక్కలేదు. తల్లి వంక, తెర వంక, మళ్లీ తల్లి వంక చూసింది. తరవాత మిగిలిన నూట నాలుగులోంచి ఒకటి తీసి, పంతులమ్మలా చదివింది. "పద్దెనిమిదికి ఇవ్వాలి. సానగదిలో పదిహేనని ఉంది."

అక్కయ్య కళ్లు మూసుకుంది. "పొడుగాటి ఆయన. లోపలికి వస్తూ గోడ పట్టుకున్నాడు. గుమ్మం తగిలి నిలబడిపోయాడు."

"ఇది? దీనికి తేడా లేదు."

"కౌంటరు పిల్లని కసిరాడు. అది ఏడుపు ముఖంతో చీటీ రాసింది."

"ఇది? మూడు."

"ఆవిడ చంకలో బిడ్డ. బిడ్డ ముఖాన్ని ఇంత దగ్గరగా పెట్టుకుని చూసుకుంటోంది."

చిట్టి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నవ్వు వస్తోందో ఏడుపు వస్తోందో అక్కయ్యకు తెలియలేదు. రెండూ కాదని తరవాత తేలింది.

"మూడు రోజుల్నించీ నా పక్కనే కూర్చున్నావు. నేను గడియారాలు వెతుకుతుంటే చూశావు. దెయ్యం అంటే విన్నావు."

"చెబుదామనే..."

"ఎప్పుడు? నేను ఈ ఉత్తరం పంపించాకా?"

"మేడంకి తెలిస్తే నీకు పని పోతుందని."

"నువ్వు చెప్పకపోయినా పోయేదే కదమ్మా. ఇంకాస్త చేతకానిదాన్ని అయ్యేదాన్ని, అంతే."

ఆ మాట అంటూనే లేచి బయటికి వెళ్లిపోయింది. వీధి తలుపు చప్పుడైంది. అక్కయ్య కదల్లేదు. రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూసుకుంటుందో లేదో, కోపంలో ఉన్న మనిషికి హారను వినిపించదు, ఏదో లారీ... ఆవిడ మనసు లారీ కింద దూరకముందే తలుపు మళ్లీ చప్పుడైంది. చిట్టి రెండు గ్లాసుల టీ తెచ్చి ఒకటి తల్లి ముందు పెట్టింది. ముఖం ఇంకా గంటు పెట్టుకునే ఉంది.

"నూట నాలుగూ చదువుతా. ఒక్కొక్కటే చెప్పు. గుర్తు లేకపోతే లేదని చెప్పు. కల్పించి చెప్పకు."

"నేనెందుకు కల్పిస్తాను?"

చిట్టి తల్లి వంక చూసింది. అక్కయ్య టీ గ్లాసులోకి చూసుకుంది.

సాయంత్రం నాలుగు గంటలకి అయింది. మూడు ఆర్డర్ల దగ్గర మాత్రం అక్కయ్య గుర్తు లేదంది. మిగిలిన నూట ఒక్కరినీ చెప్పింది. చిట్టి ప్రతిదాని పక్కన రెండు మాటలు రాసుకుంది. 'గోడ పట్టుకున్నాడు'. 'కసిరాడు'. 'కసిరింది'. 'మెట్టు తన్నుకుంది'. 'పెద్దగా అరిచాడు, తరవాత సారీ చెప్పాడు, అయినా సున్నా'.

*

ఐదింటికి చిట్టి మేడం గదికి బయల్దేరింది. "నువ్వు రావొద్దు. పాత ఎంట్రీల్లో పొరపాట్లున్నాయని చెప్తాను. ఎవరివని ఆవిడ అడగరు." అయినా అక్కయ్య వెనకే వెళ్లి గుమ్మం దగ్గర నిలబడింది.

మేడం కాగితాలు చూశారు. "పవర్లు బాగున్నాయి. తేదీలేంటి ఇలా ఉన్నాయి?"

"నేను పంపే దారిలో తప్పు లేదు మేడం. కొట్టేటప్పుడే తేడా వచ్చింది. పాత పొరపాట్లు."

"మూడువేల పొరపాట్లా?"

అక్కయ్య గదిలోకి నడిచింది. "పొరపాట్లు కావండీ. చేరిన ఏటి నుంచీ కావాలనే కొట్టాను. అద్దాలు ఆలస్యమైతే ఎవరికేమవుతుందోనని భయపడి ముందుకి జరిపాను. పిల్లకి ఏం తెలియదు. మూడు రోజులు నా తప్పును దాని తప్పనుకుని వెతుక్కుంది."

మేడం కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. అద్దాలు లేని ఆవిడ ముఖం ఎవరిదో కొత్త మనిషిదిలా ఉంది. చిట్టి చేతిలో మిగిలిన, ఆ నూట నాలుగు రాసుకున్న కాగితం అడిగి తీసుకుని చాలాసేపు చదివారు, కళ్లకి బాగా దగ్గరగా పెట్టుకుని.

"నాకు పదకొండేళ్లు అబద్ధం తేదీలు చూపించారు మీరు."

"అవునండి."

"దానికి ఏం చెయ్యాలో తరవాత ఆలోచిస్తాను." చిట్టి వైపు తిరిగారు. "ఇప్పుడు కలిపితే సానగదికి ఏ తేదీ పంపిస్తావు? నిజందా, మీ అమ్మ తేదీయా? రెండిట్లో ఏదైనా పంపగలవు కదా."

చిట్టి తల్లి వంక చూసింది. ఆ చూపులో పొద్దుటి కోపం కొంత ఉంది, కొంత లేదు. ఒకరోజు తగ్గించు అంటే తగ్గిస్తుంది. అది దానికి ఒక్క మైనస్ గీత పెట్టే పని. ఆ గీత ఉన్నంతకాలం సానగదికి ఏ తేదీ నిజంగా తెలియదు, ఎవరో ఎక్కడో వెతుకుతూనే ఉంటారు.

"నిజందే పంపమ్మా," అంది అక్కయ్య.

"సోమవారం కలుపు," అన్నారు మేడం. "మొదటి షాపు ఇది. తరవాత మిగిలిన మూడూ."

*

సోమవారం పదింటికి చిట్టి ఏదో నొక్కి వెనక్కి జరిగింది. ఎడమ తెర మీద ఒక ఆర్డరు పడింది. ఎవరూ ముట్టుకోకుండానే కుడి తెర మీద గడులు నిండసాగాయి. ఎడమ కన్ను, కుడి కన్ను, మైనస్, రెండు, చుక్క, డెబ్బై ఐదు. కనిపించని మనిషి ఎవరో పక్కన కూర్చుని తొందర లేకుండా కొడుతున్నట్టు ఉంది. అక్కయ్య చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. ఇన్నేళ్లూ తన వేళ్లలోంచి దూరి వెళ్లిన అంకెలు ఇప్పుడు తనని తాకకుండా, నిండు నీళ్లలో చేపల్లా అవతలికి వెళ్లిపోతున్నాయి. ఒక్కటీ పడిపోవడం లేదు. చూడ్డానికి ఎంత బాగుందంటే ఆవిడకి భయం వేసింది.

నాలుగో ఆర్డరు ఏడేళ్ల పిల్లది. గురువారం అని పడింది. అక్కయ్య వేళ్లు వాటంతటవే బల్ల మీదికి వచ్చాయి.

చిట్టి తల తిప్పలేదు. "ఏమన్నా అనిపిస్తే చెప్పు. నువ్వే దిద్దకు."

"ఎవరికి చెప్పను?"

"చెయ్యాల్సిన వాళ్లకి."

అక్కయ్య లేచింది. పదకొండేళ్లలో పని మీద సానగదిలోకి వెళ్లడం అదే మొదలు. కబురంతా తెరలోనే వెళ్లేది మరి. లోపల తడి రాతి వాసన. పెద్దాయన స్టూలు మీద కూర్చుని ఒక అద్దాన్ని వెలుతురుకి ఎత్తి చూస్తున్నాడు.

"పెద్దాయనా, ఒక చిన్నపిల్ల అద్దాలు వస్తున్నాయి. గురువారానికి కావాలి."

ఆయన అద్దాన్ని దించకుండానే అడిగాడు. "ఎవరి గురువారం? వాళ్లదా, నీదా?"

"నీకు తెలుసా?"

"అందరికీ ఒకటి, పిల్లలకి రెండు. మూడుందని ఈ మధ్యనే కనిపెట్టా. నీ తేదీకి నా లెక్క కలుపుకునేగా ఇన్నాళ్లూ పని చేసింది. ముందెందుకు చేస్తాను, ఫ్రేములు దుమ్ము పట్టిపోవూ."

"మరి ఒక్కటైనా ఆలస్యం కాలేదేం?"

"వాళ్ల తేదీకి అందించాను కాబట్టి. నీ తేదీ చూసి కాదులే," అన్నాడాయన.

అక్కయ్య అక్కడే ఉన్న ఖాళీ డబ్బా మీద కూలబడింది. అంటే ఆవిడ తీసిన రోజులన్నిటినీ ఈయన తీరిగ్గా తిరిగి పెట్టేస్తూ వచ్చాడన్నమాట. అవతల గదిలో కంప్యూటరు ఇంకో ఆర్డరు పడ్డట్టు సన్నగా మోగింది.

"ఇంతకీ ఎవరి గురువారమో చెప్పలేదు."

"వాళ్లదే. ఈ రోజు నుంచి నాది లేదు. నువ్వేం కలపకు."

పెద్దాయన అప్పుడు ఆవిడ వంక తిరిగి చూశాడు. గోడకి తగిలించిన క్యాలెండరు వంకా చూశాడు. వేళ్లు ముడిచి ఏదో లెక్కపెట్టుకుని, చేతిలో ఉన్న అద్దాన్ని పక్కన పెట్టేశాడు.

"అయితే మంగళ, బుధ, రెండే రోజులు. ముందే చెప్పాలి కదమ్మా ఆ సంగతి," అని యంత్రం నీళ్లు విప్పాడు.